ఉప్పుగాలిలో 5 కిలోవోల్టులు: ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల హై వోల్టేజీ బోర్డు కిట్ సమీక్ష

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఉన్న ఇళ్లు తక్కువే. ఆ కొద్ది ఇళ్లలోనూ ముసురు పట్టేసరికి ఒకటే ఫిర్యాదు. ఒక పక్క స్పీకరు సౌండు తగ్గిపోతుంది, లేదంటే బుస్సుమని కొడుతుంది, లేదంటే స్విచ్ వేసిన అరగంటకి గానీ గొంతు విప్పదు. చూసినవాళ్లు హై వోల్టేజీ బోర్డు పోయిందని తేల్చేస్తారు. అప్పుడు చాలామంది తెప్పించుకునేది ఆన్‌లైన్‌లో జత మూడు వేల రూపాయల లోపు దొరికే పచ్చ బోర్డు కిట్. దాని మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. మనమే సోల్డర్ చేసుకోవాలి.

మా మాట ముందే చెప్పేస్తాం. ఈ బోర్డు డిజైను మంచిదే, ఆ ధరకి బేరమే. కాకపోతే కిట్‌లో వచ్చిన సామాన్లతో ఉన్నదున్నట్టు బిగిస్తే కోస్తా ఊళ్లలో రెండో వానాకాలం చూడదు. ఇంకో సంగతి, పాత బోర్డు పోయిందో లేదో సరిగ్గా తేల్చుకోకుండా దీన్ని కొనకండి. పోయిందన్న బోర్డుల్లో చాలావాటికి ఉన్న జబ్బు లీకేజీ, అంటే చార్జ్ ఎక్కడో మెల్లగా కారిపోవడం. కొత్త బోర్డు వేసినా అదే లీకేజీ దాన్నీ పట్టుకుంటుంది.

ఈ బోర్డు చేసే పని ఇది. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లో చిల్లులున్న రెండు కదలని పలకల (స్టేటర్ల) మధ్య కొన్ని మైక్రాన్ల మందం ఉండే పొర ఒకటి బిగించి ఉంటుంది. ఈ మొత్తాన్నీ కలిపి ప్యానెల్ అంటారు. ఆ పొరకి కొన్ని వేల వోల్టుల డీసీ చార్జ్ ఇచ్చి ఉంచాలి, దీన్నే బయాస్ అంటారు. ఆంప్లిఫయర్ సిగ్నల్ ఒక స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్టేటర్లకి వెళ్లి ఆ పొరని అటూ ఇటూ లాగుతుంది. క్వాడ్ అనే బ్రిటిష్ కంపెనీ 1957లో తెచ్చిన మొదటి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు ఈఎస్‌ఎల్‌లో బాస్ ప్యానెళ్లకి 6 కిలోవోల్టులు, ట్రెబుల్ ప్యానెల్‌కి 1.5 కిలోవోల్టులు. 1981లో అదే కంపెనీ తెచ్చిన ఈఎస్‌ఎల్-63కి 5.25 కిలోవోల్టులు. పొర ఆరోగ్యంగా ఉంటే అది తాగే కరెంటు మైక్రోఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు. ఇంత చిన్న కరెంటు కోసం కట్టిన సర్క్యూట్ కాబట్టి ఒక్క మైక్రోఆంపియర్ ఎక్కడైనా కారిపోయినా బోర్డు కుంగిపోతుంది. ఈ బోర్డుల రిపేరంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కిట్ విప్పితే ఒక్కో బోర్డుకి 250 వోల్టులు, 2 వీఏ అని రాసున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 12 1ఎన్4007 డయోడ్లు, 12 సెరామిక్ డిస్క్ కెపాసిటర్లు (10 నానోఫారడ్, 1 కిలోవోల్టు), ఒక నియాన్ దీపం, దాని పక్కన చిన్న 10 నానోఫారడ్ కెపాసిటర్, అవుట్‌పుట్‌లో పావు వాట్ 22 మెగాఓమ్ రెసిస్టర్, 500 మిల్లీఆంపియర్ ఫ్యూజు ఉంటాయి. ఆరు మెట్ల వోల్టేజీ మల్టిప్లయర్, అంటే ఏసీని మెట్టు మెట్టుకీ పెంచుతూ డీసీగా ఇచ్చే సర్క్యూట్ అన్నమాట. ఒక్కో మెట్టుకి రెండు డయోడ్లు, రెండు కెపాసిటర్లు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద 250 అని ఉందని అదే నమ్మకండి. 2 వీఏ లాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడ్ లేనప్పుడు రాసినదానికంటే బాగా ఎక్కువ ఇస్తాయి. ఈ బోర్డు దాదాపు లోడ్ లేనట్టే లెక్క. మెయిన్స్ 230 ఉన్నప్పుడు సెకండరీలో 298 వోల్టులు వచ్చింది. దాని పీక్ (ఏసీ అల శిఖరం దగ్గరి వోల్టేజీ) 421. ఒక్కో మెట్టు పీక్‌కి రెండింతలు, అంటే సుమారు 843 వోల్టులు. ఆరు మెట్లకి 5.06 కిలోవోల్టులు. ఈఎస్‌ఎల్-63కి కావలసిన 5.25తో పోలిస్తే సౌండులో తేడా 0.3 డెసిబెల్ మాత్రమే, చెవికి తెలియదు. అయితే రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది పెడితే ఏ పక్క ఎంత ఉందో మీకే అంతుబట్టదు.

అసలు తంటా ఇక్కడే. 843 వోల్టులు ఉండేచోట పెట్టింది 1000 వోల్టుల డయోడు, 1000 వోల్టుల కెపాసిటర్. పట్నంలో పగలు ఫరవాలేదు. రాత్రి పొద్దుపోయాక లోడ్ తగ్గి లైన్ వోల్టేజీ 253కి వెళ్లిందనుకోండి, మెట్టు 927 అవుతుంది, మొత్తం 5.5 కిలోవోల్టులు దాటుతుంది. గాలివాన తర్వాత కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో వచ్చే స్పైకులు దీనికి అదనం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలకి ఆ రోజులు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క డయోడు షార్ట్ అయితే ఆ మెట్టు చచ్చిపోతుంది, పక్క మెట్ల మీద భారం పెరుగుతుంది, తర్వాత ఒకదాని వెనక ఒకటి పోతాయి.

అందుకని మొదటి మార్పు డయోడ్లు. ఒక్కో డయోడు చోట రెండేసి 1ఎన్4007లు సిరీస్‌లో వేయండి. బోర్డుకి 24, జతకి 48. విజయనగరం గంటస్తంభం వైపు గానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు గానీ ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా దొరికే సరుకే. రెండింటినీ నిలబెట్టి పైన కాళ్లు కలిపి సోల్డర్ చేస్తే ఒక్క చిల్లు జతలోనే సర్దుకుంటాయి. కలిపిన చోట కాలు మొన బయటికి పొడుచుకుని ఉండకూడదు. బోర్డు మీద డయోడు గీత ముద్రణ పలచగా ఉంది, దాన్ని నమ్ముకోకుండా గ్రౌండు నుంచి అవుట్‌పుట్ దాకా డయోడ్లన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయా అని వరుసగా చూసుకుంటూ వెళ్లండి. రెండు బోర్డుల్లోనూ దిక్కు ఒకటే ఉండాలి. ఒక బోర్డు పాజిటివ్, ఇంకోటి నెగెటివ్ ఇస్తే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు ఫేజులో పాడతాయి. బాస్ మాయమైపోతుంది, గొంతు గది మధ్యలో నిలవదు. స్పీకరు వైర్లు తిరగేసి చూసినప్పుడు బాగుపడితే కారణం వైరింగే అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. డయోడ్ల దిక్కు కూడా కారణం కావచ్చు.

రెండో మార్పు కెపాసిటర్లు. కిట్‌లో వచ్చిన డిస్క్‌లు చవక రకం సెరామిక్. ఈ రకం డైఎలెక్ట్రిక్ (కెపాసిటర్ లోపలి ఇన్సులేటర్) మీద డీసీ ఎక్కువైతే కెపాసిటీ పడిపోతుంది. రేటింగుకి దగ్గరగా నడిపితే సగానికి సగం పోవచ్చు. మీటరులో పెట్టి చూస్తే 10 నానోఫారడ్ చూపిస్తుంది, కానీ అది వోల్టేజీ లేనప్పటి మాట. వీటి బదులు 10 నానోఫారడ్, 1.6 లేదా 2 కిలోవోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు వేయండి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ దగ్గర ఉండేవి ఈ జాతివే. టీవీ రిపేర్లు చేసిన పాత షాపుల్లో డబ్బాల్లో ఇప్పటికీ ఉంటాయి. 8.2 నానోఫారడ్ దొరికినా సరే, అన్నీ ఒకే విలువ అయితే చాలు. పీకి అమ్మే పాతవి మాత్రం వద్దు. లీకేజీ పట్టడానికి కూర్చున్న పనిలో లీకేజీ తెలియని సామాను వేసుకోకూడదు.

మూడోది అవుట్‌పుట్ రెసిస్టర్. ప్యానెల్‌లో ఎప్పుడైనా ఆర్క్ వస్తే, అంటే నిప్పురవ్వ దూకితే, మొత్తం 5 కిలోవోల్టులూ ఆ క్షణంలో దీని మీదే పడతాయి. పావు వాట్ రెసిస్టర్ తట్టుకునేది సాధారణంగా 250 వోల్టుల చుట్టుపక్కల. పైపూత మీదుగా నిప్పు పాకి నల్లటి దారి పడుతుంది, ఆ దారే మళ్లీ లీకేజీ అవుతుంది. విషే కంపెనీ వీఆర్37 రకం రెసిస్టర్ 3.5 కిలోవోల్టులు తట్టుకుంటుంది. 10 మెగాఓమ్‌వి రెండు సిరీస్‌లో వేస్తే సరిపోతుంది. ఇవి మన ఊళ్లలో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

ఫ్యూజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకునేది 9 మిల్లీఆంపియర్ల దాకా. దానికి 500 మిల్లీఆంపియర్ ఫ్యూజు ఉన్నా లేనట్టే. 50 మిల్లీఆంపియర్ స్లో బ్లో వేయండి. ఫ్యూజు తర్వాత, ప్రైమరీకి అడ్డంగా, స్పైకులని అణిచే 14డీ431 వేరిస్టర్ ఒకటి పెట్టండి. 275 వోల్టుల ఏసీకి తగినది అదే.

బోర్డు తయారీలోనూ ఒక లోపం ఉంది. అవుట్‌పుట్ ప్యాడ్‌కీ మూల స్క్రూ చిల్లుకీ మధ్య ఆరు మిల్లీమీటర్లే ఉంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్నది 843 వోల్టులే కాబట్టి అక్కడి మూడు మిల్లీమీటర్లు చాలు. ఈ మూలలో మాత్రం మొత్తం 5 కిలోవోల్టులు. పొడి గాలిలో ఆరు మిల్లీమీటర్లు దూకవు. కానీ బోర్డు మీద దుమ్ము, దాని మీద ఉప్పు తేమ చేరితే దూకే పని లేదు, మెల్లగా పాకుతుంది. ఆ మూలకి నైలాన్ స్క్రూ, నైలాన్ స్టాండాఫ్ వాడండి. లోహపు స్క్రూ అసలు వద్దు.

ఇక కొలత. ఎక్కువ బోర్డుల మీద తప్పుడు తీర్పు పడేది ఇక్కడే.

ఇలాంటి మల్టిప్లయర్‌లో లోడ్ పెరిగితే వోల్టేజీ పడిపోవడం మెట్ల సంఖ్యకి దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. ఆరు మెట్లు, 50 హెర్ట్జ్, 10 నానోఫారడ్ పెట్టి లెక్క వేస్తే ఒక్క మైక్రోఆంపియర్‌కి 322 వోల్టులు పడిపోతాయి. మూడు మెట్ల బోర్డు అయితే అదే కరెంటుకి 44 వోల్టులే. కెపాసిటర్ సగానికి దిగజారితే నష్టం రెండింతలు. ఇప్పుడు మీటరు పెట్టి చూడండి. ఫ్లూక్ 80కె-40 హై వోల్టేజీ ప్రోబ్ ఇన్‌పుట్ 1000 మెగాఓమ్‌లు. వినడానికి చాలా పెద్దది, కానీ 5 కిలోవోల్టులకి అది 5 మైక్రోఆంపియర్లు లాగుతుంది. లోపం ఏమీ లేని ఈ బోర్డు మీద ఆ ప్రోబ్ పెడితే 5.06 రాదు, సుమారు 3.8 కిలోవోల్టులు వస్తుంది. చూసినవాళ్లు బోర్డు వీక్ అయిందంటారు. అదే కంపెనీ 80కె-6 అనే చిన్న ప్రోబ్ ఇన్‌పుట్ 75 మెగాఓమ్‌లు. దాంతో ఒక కిలోవోల్టు దరిదాపుల్లో ఆగిపోతుంది. మామూలు మల్టీమీటరు 10 మెగాఓమ్‌లు, పైగా గరిష్ఠం 1000 వోల్టులు. దాన్ని అవుట్‌పుట్‌లో పెట్టడం మీటరుకీ మనిషికీ మంచిది కాదు. కాబట్టి మీ ప్రోబ్ విలువ తెలుసుకుని, రావలసిన సంఖ్య ముందే లెక్కేసుకుని, తర్వాత కొలవండి.

ప్రోబ్ లేనివాళ్లకి తేలిక దారి ఒకటుంది. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. దాని రెండు చివరల 48 వోల్టులు తీసి కిట్ ప్రైమరీకి ఇవ్వండి. మెయిన్స్ తగలని ఏర్పాటు ఇది. బోర్డు మొత్తం అవుట్‌పుట్ 1 కిలోవోల్టు చుట్టుపక్కలకి దిగుతుంది, ఒక్కో మెట్టుకి 176 వోల్టులు. ఇప్పుడు మామూలు డిజిటల్ మీటరుతో గ్రౌండు వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు కెపాసిటర్‌కి అడ్డంగా పెట్టి చూడండి. మొదటి మెట్టులో మీటరు లోడ్ పోను 147 వోల్టుల దగ్గర రావాలి. పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది, అది మీటరు లాగే కరెంటు వల్ల. తగ్గడం నున్నగా ఉందా అన్నదే చూడాలి. ఏదో ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి కూలితే అక్కడి డయోడు గానీ కెపాసిటర్ గానీ పోయినట్టే. రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి ఒకే మెట్టు కొలతలు కాగితం మీద రాసుకుంటే లోపం దాక్కోలేదు. 24-0-24 కూడా లోడ్ లేనప్పుడు 48 కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది కాబట్టి మీ మీటరులో వచ్చిన అసలు సంఖ్యతోనే లెక్క వేసుకోండి. ప్రోబ్ ముళ్లు ఒక చేత్తోనే పట్టుకోండి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి.

జాగ్రత్త గురించి రెండు మాటలు. పని మొదలెట్టే ముందు ఆంప్లిఫయర్ వైర్లు పీకేయాలి. బయాస్ బోర్డులో దాచుకున్న శక్తి నలభై మిల్లీజౌళ్ల దరిదాపు, గట్టిగా కొడుతుంది. అంతకంటే ప్రమాదం స్టేటర్ల వైపు, అక్కడ ఆంప్లిఫయర్ బలం వెనకుండగా కిలోవోల్టులు ఉంటాయి. ప్రైమరీ దగ్గర 230 ఎలాగూ ఉంది. డిస్చార్జి చేయడానికి స్క్రూడ్రైవర్ వాడకండి. 1 మెగాఓమ్ రెసిస్టర్లు ఇరవై సిరీస్‌లో కలిపి, పీవీసీ పైపు ముక్కలో దూర్చి, ఒక చివర గ్రౌండు క్లిప్పు, ఇంకో చివర ఇత్తడి ముక్కు పెట్టుకోండి. అవుట్‌పుట్ ఒక్కటే తాకించి ఊరుకుంటే రెండో వరుస కెపాసిటర్లలో చార్జ్ మిగిలిపోతుంది. ప్రతి మెట్టునీ తాకించాలి. కొత్తగా కట్టిన బోర్డుకి మొదటిసారి మెయిన్స్ ఇచ్చేటప్పుడు జీరో బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో షార్ట్ ఉంటే బల్బు వెలిగి చెప్పేస్తుంది.

ఈ కిట్‌లో మాకు అన్నిటికంటే నచ్చింది ఆ చిన్న నియాన్. ఈఎస్‌ఎల్-63లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. అవుట్‌పుట్ కరెంటు నియాన్ పక్కనున్న 10 నానోఫారడ్‌ని నింపుతుంది, 80 వోల్టుల దగ్గరకి వచ్చేసరికి నియాన్ ఒకసారి మెరిసి 55 దాకా దింపేస్తుంది, మళ్లీ నిండటం మొదలు. అంటే ఒక్కో మెరుపుకి పావు మైక్రోకూలంబ్ దాటినట్టు. రెండున్నర సెకన్లకి ఒక మెరుపు వస్తే కారుతున్నది 0.1 మైక్రోఆంపియర్, సెకనుకి నాలుగైతే 1 మైక్రోఆంపియర్. వేల రూపాయలు పోసి కొన్న ప్రోబ్ కూడా బోర్డుని కుంగదీయకుండా ఈ సంగతి చెప్పలేదు. నియాన్ పాతబడి గాజు లోపల నల్లబడితే వెలిగే వోల్టేజీ మారిపోతుంది, అప్పుడు మార్చేయండి. చీకటి డబ్బాలో పూర్తిగా మూసేస్తే నియాన్ సమయానికి వెలగక మొరాయిస్తుంది, లెక్క తప్పుతుంది. గదిలో కాస్త వెలుతురు ఉండగా చూడండి.

ప్యానెల్ లోపమా, బోర్డు లోపమా అన్నది ఈ నియాన్‌తోనే తేలుతుంది. కరెంటు ఆపి, డిస్చార్జి చేసి, ప్యానెల్‌కి వెళ్లే హై వోల్టేజీ వైరు విప్పి దేనికీ తగలకుండా గాలిలో వేలాడదీయండి. వైరు మొన మీద సోల్డర్ బొట్టు గుండ్రంగా ఉండాలి. మళ్లీ స్విచ్ వేసి, చార్జ్ నిండే దాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి. ఆ తర్వాత పది సెకన్లకి ఒక మెరుపు గానీ, అంతకంటే నిదానంగా గానీ ఉంటే బోర్డు శుభ్రం. గబగబా మెరుస్తుంటే లీకేజీ బోర్డు మీదే ఉంది. బోర్డు శుభ్రంగా ఉండి, ప్యానెల్ కలపగానే వేగం పెరిగి తగ్గకుండా ఉంటే లోపం ప్యానెల్‌లో ఉంది, కిట్ కొని ప్రయోజనం లేదు. ప్యానెల్ కలిపాక రెండు మూడు సెకన్లకి ఒకటి మేము ఒప్పుకుంటాం. సెకనుకి ఒకటి దాటితే వెతకాల్సిందే.

పాట నడుస్తుండగా స్పీకరు మెయిన్స్ ప్లగ్గు పీకి చూడటం ఇంకో మంచి పరీక్ష. ఆరోగ్యమైన ప్యానెల్ బోర్డుకి కరెంటు లేకపోయినా నిమిషాల తరబడి పాడుతుంది, సౌండు మెల్లగా తగ్గుతుంది. కొద్ది సెకన్లలోనే గొంతు పడిపోతే చార్జ్ ఎక్కడో కారిపోతోంది.

కొంతమంది ఎలక్ట్రీషియన్ దగ్గరి మెగ్గర్ తెచ్చి 500 వోల్టులతో చూసి ఇన్ఫినిటీ చూపిస్తోంది కాబట్టి ఇన్సులేషన్ బాగుందంటారు. ఇంటి వైరింగుకి ఆ మాట నిజం. ఇక్కడ సరిపోదు. 5 కిలోవోల్టుల దగ్గర 0.1 మైక్రోఆంపియర్ అంటే 50 గిగాఓమ్‌లు. మామూలు మెగ్గర్ అంత దూరం చూడలేదు. పైగా 500 దగ్గర కనపడని కరోనా, అంటే మొనల దగ్గర నుంచి గాలిలోకి చార్జ్ కారడం, 5000 దగ్గర పుడుతుంది.

కరోనాని చెవితోనూ ముక్కుతోనూ పట్టుకోవచ్చు. సన్నటి బుస, తర్వాత ఘాటైన ఓజోన్ వాసన. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, అడుగు దూరం నుంచి బోర్డు వైపు చూడండి. పై మెట్లలో ఏ సోల్డర్ మొన సూదిలా లేచి ఉందో దాని కొస మీద ఊదారంగు చుక్క కదలకుండా కనపడుతుంది. డిస్చార్జి చేసి, ఆ మొన మీద ఐరన్ పెట్టి ఇంకాస్త సోల్డర్ కరిగించి గుండ్రంగా చేస్తే చుక్క పోతుంది, బుస పోతుంది, నియాన్ నెమ్మదిస్తుంది. ఇంత చిన్న పని చేయక బోర్డులు పారేసినవాళ్లున్నారు. మామూలు సర్క్యూట్లలో సోల్డర్ పలచగా ఉంటే ముచ్చటగా ఉంటుంది, ఇక్కడ మాత్రం బొద్దుగా ఉండాలి.

బోర్డు శుభ్రం చేయడం అన్నిటికంటే విలువైన పని. సోల్డరింగ్ అయ్యాక మిగిలే ఫ్లక్స్ మన గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నో క్లీన్ అని రాసున్న ఫ్లక్స్ కూడా ఇక్కడ కడగాల్సిందే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టూత్ బ్రష్ తీసుకుని రెండు పక్కలా రుద్ది, కొత్త ఆల్కహాల్‌తో మళ్లీ కడిగేయండి. ఒకసారి తుడిచి ఊరుకుంటే ఫ్లక్స్ పలచగా అంతటా పరుచుకుంటుంది, ముందుకంటే అన్యాయం అవుతుంది. కడిగాక హెయిర్ డ్రయ్యర్‌తో పావుగంట వెచ్చబెట్టి, వేడి మీదే పూత వేయాలి. తేమ లోపల ఉండగా పూత వేస్తే దాన్ని లోపల బంధించినట్టే.

పూతకి అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ మంచిది. దొరకకపోతే మోటార్ వైండింగ్ షాపుల్లో వాడే ఇన్సులేటింగ్ వార్నిష్ పలచగా రెండు పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. నియాన్ మీద పడకుండా చూసుకోండి. పై రెండు మెట్లకీ అవుట్‌పుట్ రెసిస్టర్‌కీ సిలికాన్ సీలెంట్ కూడా వేయొచ్చు, కానీ హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే ఇచ్చేది చాలాసార్లు వెనిగర్ వాసన వచ్చే రకం. ఆరేటప్పుడు అందులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని డబ్బా మీద ఉన్నదే తీసుకోండి. మొత్తం బోర్డుని ఆరల్‌డైట్‌లో ముంచేయడం మాకు ఇష్టం లేదు, తర్వాత ఒక్క డయోడు మార్చాలన్నా వీలుండదు.

పాత స్పీకర్లలో గోధుమరంగు ఫినాలిక్ బోర్డులు ఉంటే అవి తేమ తాగే జాతి, ఎంత కడిగినా మళ్లీ ముసురు పట్టేసరికి మొదటికొస్తాయి. ఈ కిట్ పచ్చటి గ్లాస్ ఎపాక్సీ బోర్డు కావడం పెద్ద మేలు. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక్క ఈ కారణం చేతనైనా పాత ఫినాలిక్ తీసేసి దీన్ని వేసుకోమని చెబుతాం. స్పీకరుని వానాకాలంలో వారాల తరబడి ఆపి ఉంచకండి. రోజూ కాసేపు ఆన్‌లో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చదనానికి బోర్డు పొడిగా ఉంటుంది. కాకపోతే చార్జ్ ఉన్న పొర దుమ్ముని లాగుతుంది, ముందరి పలచటి కవరు చిరిగి ఉంటే ముందు అది మార్చండి.

మార్పులన్నీ చేశాక వినడానికి వయొలిన్‌ని మించింది లేదు. విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు పెట్టి, స్పీకర్లు రెండింటికీ సమదూరంలో కూర్చోండి. మోనో కాబట్టి వయొలిన్ సరిగ్గా నడిమధ్యన నిలవాలి. ఒక పక్క బయాస్ 5.06 నుంచి 4.42కి పడితే, అంటే రెండు మైక్రోఆంపియర్లు కారితే, ఆ పక్క 1.2 డెసిబెల్ తగ్గుతుంది. విడిగా వింటే తెలియని తేడా ఇది, మోనో వయొలిన్ మాత్రం రెండో పక్కకి జరిగిపోయి పట్టిచ్చేస్తుంది. మార్చిన సామాన్లతో ఈ కిట్ వేసిన స్పీకర్లలో కమాను తంత్రి మీద తిరిగే మలుపు కూడా విడిగా వినపడింది, గమకం మధ్యలోంచి కదల్లేదు. కిట్‌లో వచ్చిన సెరామిక్ కెపాసిటర్లతో విన్నప్పుడు ముసురు రోజున అదే రికార్డింగు ఎడమకి వాలింది.

కిట్‌తో వచ్చే కాగితం మాత్రం దండగ. సర్క్యూట్ బొమ్మ ఉంది గానీ కొలతలు లేవు, డిస్చార్జి హెచ్చరిక లేదు. కొత్తగా సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్లు దీంతో మొదలుపెట్టకండి. టీవీ ఫ్లైబ్యాక్ (పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) పనులు చేసిన పాత మెకానిక్ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఆయన పక్కన కూర్చుని కట్టించుకోండి, ఆ చేతులకి ఈ వోల్టేజీ అలవాటే.

1957 నాటి మొదటి క్వాడ్ ఈఎస్‌ఎల్ ఉన్నవాళ్లు ఈ కిట్ కొనొద్దు. వాటి బాస్‌కి 6 కిలోవోల్టులు కావాలి, ట్రెబుల్‌కి విడిగా 1.5 కిలోవోల్టుల ట్యాప్ కావాలి. ఈ బోర్డులో ట్యాప్ లేదు. రెండో మెట్టు నుంచి వైరు లాగితే 1.69 వస్తుంది కదా అని కొందరు చేస్తున్నారు. రాత్రి లైన్ 253కి వెళ్లినప్పుడు అది 1.85 అవుతుంది, ట్రెబుల్ ప్యానెల్‌లో ఆర్క్ వచ్చి పొరకి చిల్లు పడితే బాగుచేయడానికి ఈ జిల్లాల్లో మనిషి దొరకడు. ఆ స్పీకర్లకి రెండు వోల్టేజీలూ విడివిడిగా ఇచ్చే బోర్డే తెప్పించుకోండి, ధర ఎక్కువైనా సరే.